నూకరత్నం గొంతు

రంగనాయకులుగారికి కన్నీళ్ళు రావడానికి పంతొమ్మిది సెకన్లు పట్టింది. అద్దం గోడకు ఇవతల నిలబడి ఇందుమతి గడియారం చూస్తూనే ఉంది. అవతలి గదిలో ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నోటికి దగ్గరగా చిన్న మైకుతో నిటారుగా కూర్చున్నారు. అరవై రెండేళ్ళ మనిషి. బాలల సహాయ నిధి అని ఒకటి స్థాపించి, ఇరవయ్యేళ్ళుగా కాలిన గాయాల పిల్లలకు వైద్యం చేయిస్తున్నారు. ఏడుపులు వినీ వినీ రాటుదేలిన మనిషి. తెరమీద సన్నని గీత ఒకటి ఆయన ఊపిరిని పట్టి చూపిస్తోంది. ఆ ఊపిరి బిగిసిన ప్రతిచోటా యంత్రం తాను వినిపిస్తున్న పసిగొంతును వెంట్రుకవాసి మార్చుకుంటోంది. చివరికి ఆయన హెడ్‌ఫోన్లు లాగేసి, కండువాలో మొహం దాచుకున్నారు.

"ఎక్కడుందమ్మా ఆ పిల్ల?" అన్నారు బయటికి వచ్చి. "ఇప్పుడే చూడాలి."

"మీ వార్డులోనేనండీ. మూడో మంచం. నూకరత్నం."

ఆయన నిర్ఘాంతపోయారు. మూడో మంచం పిల్లను ఆయన ఆ ఉదయమే చూశారు. నెత్తిమీద చెయ్యి వేసి, పళ్ళు పంపిస్తానని చెప్పి వచ్చేశారు. అప్పుడు కళ్ళు చెమ్మగిల్లలేదు.

నిజానికి ఇందుమతి ఆ యంత్రాన్ని చందాల కోసం చెయ్యలేదు. పసిపిల్లల వార్డులో ఎవరు ఆకలికి ఏడుస్తున్నారో, ఎవరు నొప్పికి ఏడుస్తున్నారో నర్సులకు చెప్పే పరికరం చేద్దామని మొదలుపెట్టింది. మూడేళ్ళు విశాఖపట్నంలో ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఏడుపులు రికార్డు చేసింది. నొప్పి ఏడుపు చివర గొంతు ఒక్క క్షణం విరిగి, మళ్ళీ పైకి లేచే చోటు ఒకటుందని కనిపెట్టింది. దానికి 'మెలిక' అని పేరు పెట్టుకుంది. కూర్చున్న మనిషిని కుర్చీలోంచి లేపేది ఆ మెలికే. అయితే అది అందరికీ ఒకటి కాదు. ఒక్కొక్కరి గుండెకు ఒక్కొక్క మెలిక. ఎదుటి మనిషి ఊపిరి వింటూ పోతే అతని మెలిక ఏదో యంత్రానికి దొరికిపోతుంది.

పరిశోధనకు ఖర్చు పెట్టింది రంగనాయకులుగారి నిధే. కాబట్టి దాన్ని చందాలకు వాడదామని ఆయన అడిగితే కాదనలేకపోయింది. నిధిలో అందరినీ ఆ గదిలో కూర్చోబెట్టి పరీక్షించారు గానీ, అప్పటికి ఆమెకు ఆరో నెల. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని ఆమెను మాత్రం ఎవరూ కూర్చోనివ్వలేదు. తెరమీద గీతలు చూడటమే తప్ప, తనకోసం తయారైన మెలికను ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

నిధి తరఫు ప్లీడరు వరహాలుగారు చట్టం పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు.

"దాన సేకరణ నియంత్రణ చట్టానికి మూడే మూడు కాళ్ళండి. అడిగేవాడు ఎవరో ముందే చెప్పాలి, చెప్తాం. ఇచ్చిన డబ్బు చెప్పినచోటికే చేరాలి, చేరుస్తాం. ఎవరి పేరు చెప్పి అడుగుతున్నామో ఆ మనిషి నిజంగా ఉండాలి. ఉంది కదా నూకరత్నం! 'నొప్పెడతంది, ఎవురైనా రండి' అన్న మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చిందే కదా. వాళ్ళమ్మ సంతకం పెట్టింది. ఇంకేటి కావాలి?"

"గొంతు మారుస్తున్నాం కదండీ," అంది ఇందుమతి.

"పెళ్ళికూతురికి పౌడరు రాస్తే పెళ్ళికూతురు మారిపోద్దా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఒప్పంద పత్రంమీద సంతకం పెట్టింది.

*

పాపకు వైదేహి అని పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం బుజ్జమ్మే. యంత్రం ఇంటింటికీ ఫోను చేసి చందా అడగడం మొదలుపెట్టింది; బుజ్జమ్మకు ఎనిమిదో నెల వచ్చేసరికి నూకరత్నం గొంతు విశాఖలో వినని ఇల్లు లేదు. వార్డులో పన్నెండు మంచాలు నలభై అయ్యాయి. ఇందుమతి భర్త ప్రభాకరం కాలేజీలో లెక్కల లెక్చరరు. ఇందుమతి నంబరును జాబితాలో పెట్టలేదు గానీ, అతనికి ఫోను వచ్చింది. మొదటిసారి విన్న రోజున కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అన్నం సహించలేదు.

"ఆ పిల్లను మనం తెచ్చుకుని పెంచుకుందామా ఇందూ?" అన్నాడు.

అది తన యంత్రమేనని ఇందుమతి చెప్పలేదు. ఒప్పంద పత్రంలో రహస్యం కాపాడాలని రాసి ఉంది. అదొక్కటే కారణం అనుకుంది. కానీ లోపల ఎక్కడో చిన్న గర్వం కూడా ఉంది. 'మా ఆయన్నే ఏడిపించింది' అనుకుని మురిసిపోయింది. ఆ మురిపెం తర్వాత ఆమెను ఎంత కాల్చిందో చెప్పడానికి వీల్లేదు. ప్రభాకరానికి ఫోను మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. ఆరుసార్లు విన్నాడు, ఆరుసార్లూ డబ్బు పంపాడు. ఏడోసారి వచ్చినప్పుడు విని, ఫోను పెట్టేసి కూర తరగడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

ఒక ఆదివారం ఉదయం మేడమీద బట్టలు ఆరేస్తోంది. కింద పాప ఏడుపు వినపడింది. ఆయన ఉన్నారు కదా, ఎత్తుకుంటారులే అనుకుంది. దుప్పటి పిండి తీగమీద వేసింది. ఏడుపు ఆగలేదు. రెండో దుప్పటి సగం వేస్తుండగా ఏడుపు చివర గొంతు విరిగి పైకి లేచింది. మూడేళ్ళు ఆ శబ్దంతోనే బతికిన మనిషి ఆమె. దుప్పటి అక్కడే వదిలేసి మెట్లు దూకుతూ వచ్చింది.

ఉయ్యాల మంచం కటకటాల మధ్య పాప మోచెయ్యి ఇరుక్కుపోయి ఉంది. గింజుకునే కొద్దీ చెయ్యి లోపలికి దిగిపోతోంది. వేళ్ళు నీలంగా మారాయి. పాప మొహం కందిపోయి, ఊపిరి అందక నోరు తెరుచుకుని ఉంది. మంచానికి జానెడు దూరంలో కుర్చీ. కుర్చీలో ప్రభాకరం. ఒళ్ళో పరీక్ష పేపర్లు, చేతిలో ఎర్ర పెన్ను.

ఇందుమతి సబ్బునీళ్ళు తెచ్చి చెయ్యి విడిపించి, పాపను గుండెకు హత్తుకుంది. నీలం తిరిగిన వేళ్ళను మెల్లగా రుద్దింది.

"వినపడలేదా మీకు?"

"వినపడింది," అన్నాడు అతను.

"చూడలేదా?"

"చూశాను. చెయ్యి ఇరుక్కుంది." పెన్ను మూత పెట్టాడు. "తీద్దామనే అనుకున్నాను ఇందూ. ఈ పేపరు అయ్యాక..."

అతని మొహంలో విసుగు లేదు, కోపం లేదు. వాన పడుతోందని చెప్పే మనిషి మొహంలా ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ మొహాన్ని చూసి భయపడటం అదే మొదటిసారి. పాప పుట్టినప్పుడు ఆ మనిషే ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చాడు. దోమ కుట్టినా లేచి కూర్చునేవాడు. ఇప్పుడు తన భార్య ఎందుకు అంత గాభరా పడుతోందో అర్థం కానట్టు చూస్తున్నాడు.

మర్నాడు ఏదో వంక చెప్పి అతన్ని ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. అదే గదిలో, అదే కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రం తాకని పాత వార్డు ఏడుపులు వినిపించింది. ఆకలి ఏడుపు, సూది ఏడుపు, తల్లికోసం ఏడుపు. తెరమీద గీత చదునుగా సాగిపోయింది. ఒక్కచోటా అదరలేదు. చివర అతని సొంత కూతురి ఏడుపు వినిపించింది. అప్పుడూ అంతే.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు అతను మైకులోంచి, మర్యాదగా.

ఇందుమతి యంత్రం ఆపేసింది. మెలిక మనిషిలో దేన్ని తాకుతుందో ఇన్నాళ్ళూ ఆమె ఆలోచించింది గానీ, అది ఎన్నిసార్లు తాకితే అరిగిపోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

*

నిధి కార్యాలయంలో పై అంతస్తంతా ఫోన్ల హాలు. ముప్పైమంది ఆడవాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, యంత్రం చేసే ఫోన్లు సరిగా వెళుతున్నాయో లేదో వింటూ కూర్చుంటారు. ఆ వరసలో కిటికీ పక్కన ఉన్నది పైడితల్లి, నూకరత్నం తల్లి. బాణసంచా చుట్టే పాకలో మందు అంటుకుని కూతురు కాలిపోయాక, రంగనాయకులుగారే జాలిపడి ఆమెకు ఇక్కడ పని ఇప్పించారు. ఎనిమిది నెలలుగా వేలమందికోసం మలిచిన వేల మెలికలు ఆమె చెవుల్లోంచే వెళుతున్నాయి. గొంతు మాత్రం ఆమె కూతురిది.

"మీ అమ్మాయికెలా ఉంది పైడితల్లీ?" అనడిగింది ఇందుమతి.

"బాగానే ఉంది మేడంగారూ. కట్లు మార్సినప్పుడు ఏడుస్తాదంట."

"ఏడుస్తాదంట ఏమిటి? నువ్వు పక్కన ఉండవా?"

"ఉంతాను. పక్కనే ఉంతాను." పైడితల్లి కాస్త ఆలోచించింది. "సిస్టరమ్మ తిట్టింది మొన్న. గుంట నీ సెయ్యి పట్టుకుని లాగుతుంటే నువ్వు గోడకేసి సూస్తన్నావేటి అని. నాకు ఇనపడతంది మేడంగారూ. లెగాలనిపించట్నేదు."

ఇందుమతి అక్కడ ఇక నిలబడలేకపోయింది. రంగనాయకులుగారి గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, అంతా చెప్పింది. ఫోన్లు ఈ పూటే ఆపేయమంది. ఆయన చాలాసేపు బల్లమీద వేళ్ళు ఆడించారు.

"ఆపితే నలభై మంచాలు ఏమవుతాయమ్మా? అందులో పదకొండుమంది పిల్లలకు ఈ నెల్లోనే చర్మం అతకాలి."

"ఆ పిల్లల ఏడుపు రేపు ఎవరికీ పట్టదండీ. డాక్టర్లకు ఫోన్లు వెళ్ళాయి. నర్సులకు వెళ్ళాయి. బడి పంతుళ్ళకు వెళ్ళాయి."

"నువ్వు చూసింది ఇద్దరినే కదా?"

"మిమ్మల్ని చూస్తే ముగ్గురండీ."

ఆయన చివ్వున తలెత్తారు. మొట్టమొదట ఆ కుర్చీలో కూర్చుని విన్నది, ఆ తర్వాత అందరికంటే ఎక్కువసార్లు విన్నదీ ఆయనే. పరిశోధన ఒప్పందం గురించి ప్లీడరుతో మాట్లాడమని మాత్రం చెప్పి, కిటికీ వైపు తిరిగారు.

ప్లీడరు వరహాలుగారు తేలిగ్గా చెప్పారు. "ఫిర్యాదు చేసుకోండమ్మా, కాదన్ను. కానీ యంత్రం చేసింది మీరు. మోసమని రుజువైతే మొదటి ముద్దాయి మీరే అవుతారు. చంటిపిల్ల తల్లి, జైలుకెళ్తే పాపను ఎవరు చూస్తారండి? మీ ఆయనా?"

ఆయన బెదిరించడానికే అన్నారో, మామూలుగా అన్నారో తెలియదు. ఆ చివరి మాట మాత్రం ఇందుమతి వెంట ఇంటిదాకా వచ్చింది. నిజమే. ఎవరు చూస్తారు?

మూడు రోజులు ఆమె పాపను చంకనుంచి దించలేదు. స్నానానికి వెళ్ళినా తలుపు తెరిచి, పాపను గడపలో కూర్చోబెట్టుకుంది. ప్రభాకరం అది చూసి ఏమీ అనలేదు. అననందుకు ఇంకా భయం వేసింది. నాలుగో రోజున ఆమె పాపను ఎత్తుకునే బీచి రోడ్డులో బస్సు దిగి ఇంటికి వస్తుంటే, ఐదేళ్ళ పిల్లవాడొకడు తప్పిపోయి, దుకాణం ముందు నిలబడి "అమ్మా" అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. దుకాణంలో ఆరేడుగురున్నారు. ఒకాయన వాణ్ణి తప్పుకుని లోపలికి వెళ్ళాడు. ఇంకొకావిడ వాడి తలమీదుగా చెయ్యి చాచి చిల్లర తీసుకుంది. అందరూ మామూలు మనుషులే. మొహాల్లో క్రూరత్వం లేదు. వాడి వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

వాడి తల్లిని వెతికి ఒప్పజెప్పాక, ఇందుమతి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా దాన సేకరణల రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. యంత్రం తయారుచేసినవారు అన్నచోట తన పేరు రాసి సంతకం చేసింది.

*

విచారణ రోజున మధ్యాహ్నం పాపను పక్కింటి మామ్మగారి దగ్గర వదిలింది. మామ్మగారికి సొంత ఫోను లేదు. ఆ ఒక్క కారణానికే ఆవిడను నమ్మింది.

రిజిస్ట్రారు దేవదానంగారు నిదానస్థుడు. నుదుటిమీద కళ్ళజోడు, ముందు చట్టం పుస్తకం, చేతిలో కలం. గదిలో పన్నెండుమంది దాకా ఉన్నారు. ఒక వైపు రంగనాయకులుగారు, వరహాలుగారు, నిధి ఉద్యోగులు. వెనక వరసలో పైడితల్లి. ఆమె పక్కన ఇనప మడతకుర్చీలో నూకరత్నం, కుడిచేతికి మోచేతిదాకా కట్టుతో. ఆ గొంతు ఆ పిల్లదేనని చూపించడానికి వరహాలుగారే పిలిపించారు.

ఇందుమతి చెప్పిందంతా రిజిస్ట్రారు శ్రద్ధగా విన్నారు. విని నిట్టూర్చారు.

"అమ్మా, మీరు చెప్పేది వింటుంటే నాకూ ఏదోలా ఉంది. కానీ విన్నవాడికి హాని జరిగితే ఏం చెయ్యాలో ఈ చట్టంలో లేదు. ఇచ్చేవాణ్ణి మోసం చెయ్యకూడదు, అంతవరకే ఉంది. డబ్బు పిల్లలకే చేరిందని మీరే ఒప్పుకుంటున్నారు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ గొంతు ఈ పిల్లదా, కాదా?"

"సగం ఈ పిల్లదేనండీ."

"సగానికి చట్టంలో చోటు లేదు."

వరహాలుగారు లేచి వాదన మొదలుపెట్టారు. గాయకుడికి మైకు లేదా, బొమ్మకు రంగు లేదా, ఉన్న కన్నీటిని ఉన్నట్టు చూపించడం మోసమెలా అవుతుందని ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ వెళుతున్నారు. రిజిస్ట్రారు రాసుకుంటున్నారు.

అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. కూర్చుని కూర్చుని అలిసిన నూకరత్నం పక్కకు జరిగింది. మడతకుర్చీ సగం ముడుచుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఇనప కడ్డీల మధ్య పడింది.

"అమ్మా! అమ్మా, సెయ్యి! నొప్పెడతంది!"

పచ్చి గాయంమీద ఇనుము నొక్కుతున్న ఏడుపు అది. వరహాలుగారు గొంతు కాస్త పెంచి వాదన కొనసాగించారు. రిజిస్ట్రారు కలం ఆగలేదు. నిధి ఉద్యోగుల్లో ఒకామె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పైడితల్లి కూతురి పక్కనే కూర్చుని, ఎదురుగా గోడమీది క్యాలెండరు చూస్తోంది.

"ఎవురైనా రండి!"

ఇందుమతి కుర్చీలను తోసుకుంటూ పరుగెత్తింది. కుర్చీ విప్పి, పిల్లను ఎత్తుకుని, కట్టులోంచి చిమ్ముతున్న రక్తాన్ని కొంగుతో అదిమిపట్టింది. అప్పుడు గది వైపు తిరిగి అరిచింది.

"మీకెవరికీ వినపడలేదా?"

వరహాలుగారు మాట మధ్యలో ఆగారు. అందరూ ఆమెవైపు చూశారు. ఆమె అరిచినందుకు చూశారు.

"వినపడిందమ్మా," అన్నారు దేవదానంగారు. "వాదన పూర్తికానిచ్చి..."

ఆ మాట పూర్తిచెయ్యలేదు. తన చేతిలో కలాన్ని చూసుకున్నారు. నేలమీద కుర్చీ పక్కన రక్తపు చుక్కలను చూశారు. ఆయన మొహం మెల్లమెల్లగా పాలిపోయింది. జాలివల్ల కాదు. మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనప్పటి భయం అది.

"నాకూ వచ్చింది ఆ ఫోను," అన్నారు చాలా చిన్నగా. "నాలుగుసార్లు. నాలుగుసార్లూ పంపాను. మా ఆవిడతో వారంరోజులు ఆ పిల్ల గురించే మాట్లాడాను. ఆ పిల్ల ఈ పిల్లేనా?"

నూకరత్నం ఇందుమతి మెడ పట్టుకుని వెక్కుతోంది. రంగనాయకులుగారు బల్ల అంచు పట్టుకుని లేచారు.

"నేనూ లేవలేదండీ," అన్నారు. "మా అమ్మాయి సుజాత పదేళ్ళప్పుడు స్టవ్ అంటుకుని పోయింది. ఈ నిధి పెట్టింది దాని పేరు మీదే. దాని ఏడుపు రోజూ చెవుల్లో ఉండేది. ఇప్పుడూ గుర్తుంది. గుర్తుంది, అంతే." ఆయన ప్లీడరు వైపు తిరిగారు. "చాలు వరహాలూ, కూర్చో."

వరహాలుగారు కూర్చున్నారు. చట్టం పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, తలెత్తకుండా ఉండిపోయారు.

దేవదానంగారు ఒక గంటసేపు విరామం ఇచ్చి, పిల్లను ఆసుపత్రికి పంపించి, తిరిగి వచ్చి అక్కడే కూర్చుని ఉత్తర్వు రాశారు. విన్నవాళ్ళలో తానూ ఒకణ్ణని, మామూలుగా అయితే ఈ విచారణ నుంచి తప్పుకోవలసిందని, కానీ కార్యాలయంలో ఫోను రాని అధికారి ఒక్కరూ లేరని మొదటి వాక్యంలోనే రాసుకున్నారు. తర్వాత పైకి చదివారు.

"ఫోనులో ఏడుపుకు ఊరు ఊరంతా లేచింది. ఈ పిల్ల సొంత ఏడుపుకు ఈ గదిలో కన్నతల్లితో సహా ఆ ఫోను విన్నవాళ్ళెవరూ లేవలేదు. ఈ రెండూ ఒకే గొంతని నేను రాయలేను. కాబట్టి నిధివారు అడిగింది ఈ పిల్ల పేరు చెప్పి; అడిగించింది లేని పిల్లచేత. ఇది మోసం."

ఫోన్లు ఆ సాయంత్రానికే ఆపాలన్నారు. యంత్రాన్ని సీలు వెయ్యాలన్నారు. ఫోను అందుకున్న ప్రతి మనిషికీ మళ్ళీ ఫోను చేసి, మామూలు మనిషి గొంతుతో నిజం చెప్పాలన్నారు. ఇందుమతిమీద చర్య ఏమిటనేది వేరే విచారణలో తేలుతుందని, అప్పటిదాకా ఊరు విడిచి వెళ్ళకూడదని చివర రాశారు.

*

ఆ ఫోన్లు చెయ్యడానికి హాల్లో అదే ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇందుమతి ఒకసారి వెళ్ళి విన్నది. పైడితల్లి కాగితం చూసి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది.

"నా పేరు పైడితల్లండి. మీకు ఫోన్లో ఇనపడింది మా గుంట గొంతు కాదండి, మిసను మార్సింది. మీరిచ్చింది పిల్లలకే సేరింది. కానీ అది ఇన్నోల్లకి పిల్లలేడిస్తే లెగాలనిపించదంట. లెగాలనిపించకపోయినా లెగండి బాబూ." అవతల ఎవరో ఏదో అన్నారు. "నాకూ అంతేనండి," అంది పైడితల్లి. "నర్సమ్మ గంట కట్టింది మంచానికి. అది మోగితే లెగిసి ఎల్తన్నాను."

కొందరు తిట్టి పెట్టేశారు. కొందరు, మా ఇంట్లో కూడా పసిపిల్ల ఉంది, ఇది మళ్ళీ బాగవుతుందా అని అడిగారు. ఆ ప్రశ్నకు కాగితంమీద జవాబు లేదు. ఇందుమతికీ తెలియదు. వార్డులో మంచాలు ఇరవైకి తగ్గాయి. రంగనాయకులుగారు రోజూ ఉదయం వెళ్ళి, కట్లు మార్చే వేళకు ఒక్కొక్క పిల్ల పక్కన కాసేపు కూర్చుని వస్తున్నారు. ఆయన ఏమీ మాట్లాడరని, ఊరికే చెయ్యి పట్టుకుంటారని నర్సులు చెప్పారు.

ప్రభాకరానికి అన్నీ చెప్పేసింది. యంత్రం తనదేనని, అతను కూర తరుగుతున్న రోజునే తనకు అనుమానం రావలసిందని, మురిసిపోయానని కూడా చెప్పింది. అతను కోప్పడితే బాగుండునని ఆశపడింది. అతను విని, లెక్చరరులాగే, కాగితం తీసి నియమాలు రాసుకున్నాడు. ఏడుపు వినపడగానే చేతిలో పని వదిలెయ్యాలి. దగ్గరికి వెళ్ళాలి. ఒళ్ళంతా చూడాలి. ఎత్తుకోవాలి. పాలు, తడి, జ్వరం, దెబ్బ. ఈ వరసలో చూడాలి.

"బుద్ధితో చేస్తాను ఇందూ. గుండె చెప్పకపోతే కాగితం చెప్తుంది," అన్నాడు.

రెండు నెలలపాటు ఆమె ఎదుటే చేశాడు. ఒక్కసారీ తప్పలేదు. అయినా పాపను ఒంటరిగా వదలడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఇంతలో మామ్మగారు ఊరెళ్ళిపోయారు. రెండో విచారణకు వెళ్ళక తప్పదు. అందుకని ముందురోజు మధ్యాహ్నం, కూరగాయలకు వెళ్ళొస్తానని చెప్పి, మెట్లు దిగి, కింద మెట్టుమీదే కూర్చుంది.

పావుగంటకు ఏడుపు మొదలైంది. సన్నగా, తర్వాత పెద్దగా. ఇందుమతి రెండు చేతులతో చీర అంచు బిగించి పట్టుకుంది. పైన కుర్చీ కదిలిన చప్పుడు లేదు. పరుగెత్తాలని కాళ్ళు లాగుతున్నాయి. ఈ రోజు తాను వెళితే రేపు విచారణకు వెళ్ళలేనని తెలుసు. ఏడుపు చివర గొంతు విరగబోతోంది. ఆమె లేచి నిలబడింది. అప్పుడు కుర్చీ జరిగింది. అడుగులు. ఒకటి, రెండు, మూడు, తొందర లేకుండా. మంచం కటకట తెరుచుకుంది.

తట్టుకోలేక మెట్లెక్కి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. ప్రభాకరం పాపను భుజాన వేసుకుని గదిలో తిరుగుతున్నాడు. తడిబట్ట మార్చి పక్కన పడేశాడు. నుదురు తడిమి చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూశాడు. ఏదీ మరిచిపోలేదు. పాప వెక్కిళ్ళు తగ్గి, అతని చొక్కా కాలరు నోట్లో పెట్టుకుంది.

అతను గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశాడు. దొరికిపోయానన్న భావం ఆమె మొహంలో ఉంది గానీ, అతనికి అది కనిపించినట్టు లేదు.

"ఏడుపు ఆపింది," అన్నాడు.

"అవునండీ."

అతను కాసేపు పాప తలవైపు చూశాడు. తెలియని భాషలో రాసిన కాగితాన్ని చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు నాకు సంతోషంగా ఉండాలి కదూ?"

ఇందుమతి తల ఊపింది. అతను సరేనన్నట్టు తానూ తల ఊపి, పాపను ఇంకాస్త దగ్గరగా పట్టుకుని, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.